వేట ముగిసిందని చెప్పేదాకా

ఉప్పు డబ్బా జరపొద్దని హెల్మెర్ మళ్ళీ కసిరాడు. అది ఉప్పు డబ్బా కాదట, ఉత్తరం పక్క బురదనేల. దాని పక్కన బోర్లించిన కప్పు గుట్ట. వరసగా పెట్టిన రెండు చెంచాలు మట్టిరోడ్డు. చుట్టూ నిలబెట్టిన అగ్గిపుల్లలు వేట మంచెలు. ఆగస్టు నెల సగం నుంచీ వంటింటి బల్ల మీద అడవి వెలిసింది, మనుషులకు చోటు లేదు. ఆయన భార్య ఆల్ఫ్‌హిల్డ్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటోంది. ఉప్పు కావాలంటే రెండు వేళ్ళతో చిటికెడు తీసుకోవచ్చు, డబ్బా మాత్రం కదలకూడదు.

"ఇంకో వారం ఇలాగే ఉంటే నేను పుట్టింటికి పోతాను," అందామె.

"ఇవాళ్టితో ఆఖరు కదా."

"పోయినేడూ ఇదే కూశావు."

కానీ ఈసారి అది నిజమే. మూస్ దుప్పుల వేటకు మొదటి రోజు అది, హెల్మెర్ వేటపెద్దగా ఉండే చివరి రోజు కూడా. సాయంత్రం అడవిలోని వేటగుడిసెలో అందరం కూర్చుని పెద్దరికం ఆల్ఫ్‌హిల్డ్ తమ్ముడు స్టెల్లాన్‌కి అప్పగించాలని వసంతంలోనే తీర్మానించాం. స్టెల్లాన్ సెల్‌ఫోన్‌లో అడవంతా కనిపిస్తుంది. కుక్క ఎక్కడుందో, ఎటు మొరుగుతోందో కూడా చెబుతుంది. దానికి ఉప్పు డబ్బాలు అక్కర్లేదు. హెల్మెర్ ఆ సమావేశంలో లేచి పొయ్యిలో కట్టె వేసి కూర్చున్నాడు.

మనిషి పొట్టి, మెడ అంతకన్నా పొట్టి. ఆయన ఉద్యోగం గ్రేడరు తోలడం. వేసవిలో మా మట్టిరోడ్లు చదును చేస్తాడు, చలికాలం మంచు తోస్తాడు. ఒక కంటితో రోడ్డునీ ఒక కంటితో బ్లేడునీ చూసీ చూసీ నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది, నిటారుగా నిలబడినా ఎవరి మాటో వినడానికి వంగినట్టుంటాడు. నిజానికి ఎవరి మాటా వినడు. రోడ్డు బాగున్నన్నాళ్ళూ ఆయన ఊసు ఎవరూ ఎత్తరు, గుంట పడిన మర్నాడు ఊరంతా ఫోన్లు చేసి తిడతారు. పాతికేళ్ళకి పైగా ఆయన బతుకు అదే.

బతుకులో తక్కినదంతా మూస్‌లు. గ్రేడరు ముందు మూస్ కనబడితే చాలు, ఇంజను ఆపేసి కూర్చుంటాడు. వెనక పాల లారీ హారన్ కొట్టినా కదలడు. గుర్రం కన్నా ఎత్తు, గడ్డం కింద వేలాడే తోలు, చేటలంత చెవులు, అంతలావు ఒళ్ళు పెట్టుకుని ఆకు కదలకుండా ఎలా నడుస్తుందిరా అని కనబడిన ప్రతివాడినీ అడుగుతాడు. ఎన్నిసార్లని చెబుతాం? అత్తగారి అంత్యక్రియల నాడు చర్చి కిటికీలోంచి ఒక ఆడ మూస్‌నీ దాని దూడనీ చూసి, పాదిరీ ప్రార్థన మధ్యలో "అబ్బ, ఏముందిరా" అని పైకే అన్నాడు. ఆల్ఫ్‌హిల్డ్ ఆర్నెల్లు మాట్లాడలేదు. అలాగని వేటాడడా అంటే ఆడతాడు. ఇంట్లో ఫ్రీజరు నిండా ఆ మాంసమే. ఇక్కడ మెచ్చుకోవడానికీ వండుకోవడానికీ మధ్య ఎవరికీ తగువు లేదు.

తగువల్లా ఒక్క పోతు మూస్ దగ్గర వచ్చింది. ఒక కొమ్ము మామూలుగా చెయ్యి చాచినట్టుంటే, రెండోది కిందకి వంగిపోయి ఉంటుంది. దూడగా ఉన్నప్పుడు దాన్ని తల్లితో పాటు మొదట చూసింది హెల్మెరే, గ్రేడరు మీంచి. అప్పట్నుంచీ ఏటా మేము దాన్ని తరుముతూనే ఉన్నాం, ఏటా అది ఉత్తరం బురద మీదుగా జారుకుంటూనే ఉంది. ఎందుకంటే హెల్మెర్ వేసే పథకంలో అక్కడ ఏటా ఒక సందు ఉంటుంది. మంచె ఉంది, మనిషి ఉండడు. అడిగితే గాలి కుదరదంటాడు, బురద లోతంటాడు. గాలి ఎటున్నా ఆయనకి కుదరదు.

ఈసారి స్టెల్లాన్ ఊరుకోలేదు. ఆ సందు మూయకపోతే దాన్ని నువ్వే దాస్తున్నావని అందరి ముందూ అంటాను బావా అని మొహం మీదే చెప్పాడు. హెల్మెర్ బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన ఇంకో అగ్గిపుల్ల నిలబెట్టాడు. ఆ పని చేసిన రాత్రి, అంటే వేటకి ముందు రాత్రి, ఆయనకి నిద్ర పట్టలేదు. వచ్చే ఏడు పథకం స్టెల్లాన్‌ది, ఇంక ఏ సందూ ఉండదు, వంకరకొమ్ము ఎలాగూ మిగలదు. ఫోను చూసుకుంటూ ఎవడో కాల్చే కన్నా తన చేత్తో తనే కాల్చడం నయం అనిపించింది. తెల్లారేసరికి నిశ్చయం చేసుకున్నాడు. తెల్లారేసరికే ఎడమ చెయ్యి కూడా లాగుతోంది. గేరు రాడ్డు పట్టుకుని పట్టుకుని వచ్చిన నొప్పి అనుకున్నాడు. ఆల్ఫ్‌హిల్డ్‌కి చెబితే ఆసుపత్రికి లాక్కుపోతుంది, వేట మొదటి రోజున ఆసుపత్రికి పోయినవాడు మా ఊరు లిల్‌బెర్గ్‌లో ఇంతవరకూ లేడు.

వేటగుడిసెలో మంచెలు పంచుకునే పద్ధతి పాతదే. ఒక్కో మంచె పేరు చెక్కిన కర్రబిళ్ళలు కాఫీ డబ్బాలో వేసి గిలకరిస్తారు, తలా ఒకటి తీస్తారు, చివరికి మిగిలింది వేటపెద్దది. ఎవరికి మంచి మంచె వస్తే వాడి అదృష్టం. ఆ ఉదయం డబ్బా తిరిగి హెల్మెర్ దగ్గరికి వచ్చేసరికి అందులో ఏమీ లేదు. అయినా చెయ్యి పెట్టి తీసినట్టు తీసి, ఉత్తరం బురద బిళ్ళ చూపించాడు. అది ముందే ఆయన కోటు జేబులో ఉంది. అన్నేళ్ళ పెద్దరికంలో బిళ్ళల దగ్గర ఆయన చేసిన మోసం అదొక్కటే. అది కూడా చేతకాలేదు, చెవులు ఎర్రబడ్డాయి. చలికి అనుకున్నాం.

తరవాత ఏటా చదివే పాఠం చదివాడు. వేట ముగిసిందని వాకీటాకీలో నేను చెప్పేదాకా మంచె దిగకూడదు. వాన పడినా, కడుపు నొప్పి వచ్చినా, కొంప కాలిపోయినా సరే. ఈ పాఠం ట్యూరె పుణ్యమే. ట్యూరె హెల్మెర్‌కి చిన్ననాటి స్నేహితుడు, నోరు ఒకచోట ఉండదు. ఒకప్పుడు వాడు మంచె దిగి, పొదల్లో వంగి అడవిపళ్ళు ఏరుకుంటుంటే, గోధుమరంగు వీపు చూసి మూస్ అనుకుని హెల్మెర్ గురిపెట్టాడు. ట్రిగ్గరు నొక్కబోతుండగా ఆ మూస్ తుమ్మింది. ఆ తుమ్ము వినకపోతే ట్యూరె లేడు. హెల్మెర్ ఆ రోజు ఇంటికి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. పాఠానికి తోక ఒకటుంది: ఎప్పుడు దిగాలి అని ఎవడైనా అడిగితే, వాడి మూలంగా అందరూ ఇంకో గంట కూర్చోవాలి. ఉత్త బెదిరింపు కాదు, చాలాసార్లు కూర్చోబెట్టాడు కూడా. మాట పలక్కుండా మమ్మల్ని వానలో నానబెట్టడం ఆయనకి బాగా వచ్చు.

ఉత్తరం మంచె నిచ్చెన ఎక్కుతూ హెల్మెర్ రెండుచోట్ల ఆగాడు. పైన రెయిన్‌డీర్ తోలు పరుచుకుని కూర్చుని, తుపాకి మోకాళ్ళ మీద పెట్టుకుని, ఊపిరి కుదురుకునేదాకా బురదనేలని చూశాడు. గడ్డి అప్పుడే పసుపు తిరుగుతోంది. సన్నగా వాన మొదలైంది. ఫ్లాస్కు తీసి కర్రకప్పులో కాఫీ పోసుకుని, ఇక్కడి అలవాటు ప్రకారం అందులో ఒక జున్ను ముక్క వేశాడు. కాఫీ ఎప్పుడు తాగినా, అడుగున నానిన జున్ను మాత్రం వేట ముగిశాకే తినాలని ఆయనకో పిచ్చి నియమం. ఆయన నియమాలు ఆయనవి.

దూరాన మూస్‌లని తరమడానికి స్టెల్లాన్ వదిలిన కుక్క మొరిగింది. మొరుగు దగ్గరైంది, పక్కకి తిరిగింది, ఆగిపోయింది. హెల్మెర్ తుపాకి సేఫ్టీ తాళం తీశాడు.

పోతు అడవి అంచున నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఆయనకి తెలియలేదు, చప్పుడే లేదు. వంగిన కొమ్ముకి నాచు వేలాడుతోంది. పక్కటెముకలు తేలాయి, మూతి చుట్టూ బూడిదరంగు వచ్చింది. ముసలిదైపోయావురా అనుకున్నాడు. అది తొందరేమీ లేకుండా బురదలోకి దిగి, కాళ్ళు ఒక్కొక్కటే పైకి లాగుతూ తిన్నగా మంచె వైపే వచ్చింది. కుక్క ఎక్కడుందో దానికి తెలుసు, ఇక్కడ మనిషి ఉండడనీ తెలుసు. ఇన్నేళ్ళూ ఈ దారి ఆయనే దానికి నేర్పాడు. అంత దగ్గర్లో కళ్ళు మూసుకుని కాల్చినా తప్పదు.

ఎడమ చెయ్యి లేవలేదు. కుడిచెయ్యి తుపాకిని సగం ఎత్తి మళ్ళీ మోకాళ్ళ మీదికి దించింది. చేతకాక దించాడో, మనసు రాక దించాడో ఆయన ఆలోచించదలుచుకోలేదు. పోతు మంచె కిందికి వచ్చి ఆగింది. దాని వీపు మీద వాన ఆవిరి అవుతోంది, ఆ వాసన పైదాకా వచ్చింది. ఆయన జీవితంలో దాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "అబ్బ, ఏముందిరా," అన్నాడు మెల్లగా. అది ఒక చెవి తిప్పింది, ముక్కుతో గట్టిగా ఊది, దాటి వెళ్ళిపోయింది.

వాకీటాకీ గరగరలాడింది. "బావా, నీ వైపే వచ్చింది. చూశావా?"

చూడలేదంటే కింద జాడలు ఉన్నాయి. చూశానంటే ఎందుకు కాల్చలేదంటారు. హెల్మెర్‌కి నవ్వొచ్చింది. సాయంత్రం అందరూ కలిసి తన ప్రాణం తీస్తారు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువుగా ఉంది. కాస్త ఆగి చెబుదాంలే అనుకుని కళ్ళు మూసుకున్నాడు. దూరంగా బురదలో నీళ్ళు చప్పుడు చేశాయి, తరవాత అదీ ఆగిపోయింది.

ఆ తరవాత మేము చేసిన నిర్వాకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మేము కూర్చున్నాం. వాన పెద్దదైంది, కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది, పోతు తప్పించుకుందని అందరికీ అర్థమైంది, అయినా కూర్చున్నాం. ట్యూరె ఉండబట్టలేక ఎప్పుడు దిగాలి అని అడిగాడు. జవాబు లేదు. అయిపోయింది, నీ మూలంగా ఇంకో గంట అని ఒకరి తరవాత ఒకరు ట్యూరెని తిట్టాం. ఆ గంటా గడిచాక వాడు క్షమాపణ చెప్పడానికి మళ్ళీ మాట్లాడాడు. దానికీ జవాబు లేదు. చూశావా, ఇప్పుడు రెండు గంటలు అన్నాం. చేతివేళ్ళు బిగుసుకుపోయాయి. ఆఖరిరోజు కదా, పెద్దరికం లాక్కున్నందుకు మా మీద కసి తీర్చుకుంటున్నాడని అందరం నమ్మాం. ఆ ముసలాణ్ణి నేను తిట్టిన తిట్లు రాయడానికి లేదు. ఒక్కరం కూడా మంచె దిగలేదు.

చీకటి పడబోతుంటే స్టెల్లాన్‌కి ఓపిక చచ్చింది. కుక్కని చెట్టుకి కట్టేసి, ఆ అడవిలో మొదటిసారి మాట మీరి, ఉత్తరం బురద వైపు నడిచాడు. మంచె కింద జాడలు చూశాడు. వెడల్పాటి గిట్టలు లోతుగా దిగి, నీళ్ళు నిండి, తిన్నగా నిచ్చెన మొదట్లోంచి పోతున్నాయి. పైన బావ టోపీ కనిపిస్తోంది. వాడికి తిక్క రేగింది.

"కింది నుంచే పోనిచ్చావు కదా," అని అరిచాడు. "పొద్దున్నుంచీ మమ్మల్ని చంపుకుతిని, దాన్ని సాగనంపుతున్నావు. ఆ బిళ్ళ నువ్వు డబ్బాలోంచి తీయలేదని నాకు తెలుసు. చూసి కూడా ఊరుకున్నాను. ఎందుకో తెలుసా? చివరిసారి కదా, నీ పోతుని నువ్వే కొట్టుకుంటావని. దిగు బావా. దిగి నా మొహం చూసి చెప్పు."

హెల్మెర్ టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

స్టెల్లాన్ నిచ్చెన ఎక్కాడు. చాలాసేపు పైనే ఉన్నాడు. తరవాత మా అందరి వాకీటాకీలూ ఒకేసారి గరగరలాడాయి.

"వేట ముగిసింది," అంది స్టెల్లాన్ గొంతు.

దిగబోతున్న కాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోయాయి. ఆ మాట ఇన్నేళ్ళలో ఇంకొకరి నోట మేము వినలేదు.

"నువ్వు చెబితే దిగను," అన్నాడు ట్యూరె. వాడి పళ్ళు టకటకలాడటం అందరికీ వినిపించింది. "హెల్మెర్‌ని చెప్పమను."

"బావ ఇంక చెప్పడు ట్యూరె," అన్నాడు స్టెల్లాన్. "నువ్వు దిగు. మెల్లగా దిగు, మెట్లు జారుతున్నాయి."

బురద దాటించి, రోడ్డు మీద ఉన్న బండి దాకా ఆయన్ని నలుగురం మోశాం. బరువైన మనిషి, ట్యూరె దారంతా ఆయన్ని తిడుతూనే ఏడ్చాడు. తుపాకి ఒకరు తీసుకున్నారు, వాకీటాకీ ఒకరు, రెయిన్‌డీర్ తోలు ఆయన మీదే కప్పాం. మర్నాడు నేను నిచ్చెన తీసేయడానికి వెళ్ళి మంచె ఎక్కితే, కూర్చునే పలక మీద కర్రకప్పు ఉంది. అంచు దాకా వాననీళ్ళు నిండి, కాఫీ రంగు వెలిసిపోయి, అడుగున జున్ను ముక్క వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.