గుమ్మంలో మిగిలిన మూడో ముద్దు

పొద్దున్నే చీజ్ బన్నులు ఓవెన్‌లోంచి తీయడం, కాఫీ వడగట్టడం, వచ్చినవాళ్ళకి చెంపలు అందించడం జెనీల్దా ఇంట్లో రోజూ ఉండే పనే. మీనాస్ కొండల్లో ఆ ఊళ్ళో పలకరింపు ముద్దుల లెక్క మూడు. కుడి చెంపకొకటి, ఎడమ చెంపకొకటి, పెళ్ళికానివాళ్ళకి పెళ్ళవ్వాలని ఇంకొకటి. జెనీల్దాకి నలభై దాటినా ఊరంతా విసుగు లేకుండా ఆ మూడోది పెడుతూనే ఉంది. పెట్టి ఊరుకుంటారా? "ఇంకెప్పుడమ్మా?" అని అడుగుతారు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

కుట్టుమిషను బాగుచేయడానికి సావో పాలో నుంచి వచ్చిన వాగ్నర్‌కి ఈ మర్యాద తెలీదు పాపం. వాళ్ళ దగ్గర ఒక్కటే. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒకటి పెట్టి మొహం వెనక్కి లాక్కున్నాడు. మునివేళ్ళ మీద నిలబడ్డ జెనీల్దా మిగతా రెండూ గాల్లో పెట్టింది. రెండోది అప్పుడే చల్లారిపోయింది. మూడోది మాత్రం అతని చెంప ఉన్న ఎత్తునే, గుమ్మంలో, వెచ్చగా ఉండిపోయింది.

ఊరు సర్దుకుపోయింది. పొడుగువాళ్ళు తల వంచుకుని లోపలికొచ్చేవాళ్ళు. పొరపాటున ఆ ముద్దు ఏ మగాడి చెంపకైనా తగిలిందా, జెనీల్దాతో పెళ్ళి తప్పదు మరి.

తల్లి ఎర్మెలిందా ఊరుకుంటుందా? మందుల షాపు ఓనోఫ్రెని కాఫీకి పిలిచేసింది. భార్య పోయినవాడు, సరిగ్గా అంత ఎత్తు. పైగా ఎవరింటికెళ్ళినా తల వంచే రకం కాదు.

"వాడితో నేను వేగలేనమ్మా. ఎదుటివాళ్ళు నవ్వినా తప్పుపడతాడు," అంది జెనీల్దా.

"నోర్ముయ్! వెచ్చగా ఉండగానే కానిచ్చేయాలి."

"అదేమన్నా కాఫీయా?"

ఇంతలో ఓనోఫ్రె మెట్లెక్కనే ఎక్కాడు.

"రండి బాబూ, తిన్నగా వచ్చేయండి!" అంటోంది తల్లి.

జీవితమంతా ఈ మనిషి పక్కనా? జెనీల్దా గబుక్కున ఎత్తుపీట లాగి, ఎక్కి, ఆ ముద్దుకి తన చెంపే ఆనించింది. అది చప్పుడు చేసి మరీ ఇంకిపోయింది.

"ఎంత పని చేశావే! నిన్ను నువ్వే చేసేసుకున్నావా!" అని ఎర్మెలిందా కూలబడింది. ఓనోఫ్రె టోపీ తీసి, పెళ్ళికూతురికి శుభాకాంక్షలు చెప్పి, రెండు బన్నులు తిని వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చి దగ్గర అందరూ జెనీల్దాకి రెండు ముద్దులే పెట్టి ఆగిపోయారు. ఎప్పుడని ఒక్కరూ అడగలేదు. ఆమెకి ఎంత హాయిగా అనిపించిందో!

ఎర్మెలిందా మాత్రం చాన్నాళ్ళు మూతి ముడుచుకునే ఉంది. ఆ తర్వాత ఓ పొద్దున కూతురికి బన్నులు వడ్డించి, అన్నిట్లోకీ పెద్దదొకటి పక్కన పెట్టింది.

"ఇదెవరికమ్మా?"

"అల్లుడికి," అంది తల్లి. "నువ్వే తిను."