పాడినవారి గడి

"కాస్త చూసిపెట్టు" అన్నాడు భర్త, బూటు లేసు కట్టుకుంటూ. "పొద్దున్నుంచీ వినేవాళ్ళ ఫోన్లలో పాట పేరు రావాల్సిన చోట పిచ్చిగీతలు వస్తున్నాయట. సాయంత్రం పాత పాటల కార్యక్రమం ఉంది. అప్పటికి బాగవ్వాలి."

కాస్త అనే మాటకి ఆ ఇంట్లో కొలత లేదు. కాస్త కాఫీ, కాస్త ఇస్త్రీ, కాస్త అమ్మకి మందులు, కాస్త పిల్లదాని లెక్కలు, ఆ వరసలోనే కాస్త సర్వర్. ఇంటర్నెట్ రేడియో ఆయనది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు రెండు గదుల స్టూడియో, ఒక అనౌన్సరమ్మాయి, గోడ మీద ఆయన ఫోటో. పాట క్షేమంగా జనం చెవిన పడేదాకా చూసుకునేది మాత్రం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకున్న ఈమె. పెళ్ళికి ముందు ఒక ప్రసార సంస్థలో ఈ పనే జీతానికి చేసేది. పిల్ల పుట్టాక మానేసింది. మానేసింది అనడం కూడా తప్పే. జీతం మానేసింది, పని మానలేదు. ఇంటికి ఎవరైనా వస్తే "మా ఆవిడ కూడా సరదాకి సాయం చేస్తుంటుంది" అంటాడాయన. ఆ సరదా ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకూ ఎరగదు.

కుక్కర్ పొయ్యి మీద పెట్టి లాప్‌టాప్ తెరిచింది. ప్రతి పాట ఫైలుకీ ఒక చిన్న చీటీ అంటుకుని ఉంటుంది. పాట పేరు, పాడినవారు, ఫైలు తయారుచేసినవారు, ఇలా కొన్ని గడులు. పాటతో పాటే ఆ చీటీ కూడా వినేవాళ్ళ ఫోనుకి చేరుతుంది. అక్షరాలు అక్షరాలుగా వెళ్ళవు, అంకెలై వెళతాయి. పంపేవాళ్ళూ అందుకునేవాళ్ళూ ఒకే పట్టిక చూసుకుని ఆ అంకెల్ని విప్పితే పేరు పేరులా కనిపిస్తుంది. చెరొక పట్టిక చూసుకుంటే పిచ్చిగీతలే. కాపురం కూడా ఇంతే కదా అని ఒకప్పుడు నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

జబ్బు ఎక్కడుందో కుక్కర్ రెండో కూత వేసేలోపే దొరికింది. స్టూడియోలో పాటల్ని పంపే సాఫ్ట్‌వేర్ మారిపోయింది. దాని పట్టిక వేరు. అది సరిచేయగానే కొత్త పాటల పేర్లు చక్కగా కనబడ్డాయి. తర్వాత పాత పాటల పెట్టె తెరిచింది. పాత రేడియో టేపుల్లోంచి ఎక్కించిన ఆడవాళ్ళ పాటలన్నీ అందులో ఉన్నాయి. పేర్లున్న చోటల్లా ప్రశ్నార్థకాలు బారులు తీరి ఉన్నాయి.

చేతికి సబ్బు నురగ ఉండడంతో స్పీకర్ పెట్టి భర్తకి ఫోన్ చేసింది. "నిన్న మీరేమైనా నొక్కారా?"

"కొత్త సాఫ్ట్‌వేర్ వేశాను. చీటీలన్నీ తిరగరాయమంటావా అని అడిగింది, ఎస్ కొట్టాను. ఏం?"

"ముందు కాపీ తీసిపెట్టుకోమన్నాను కదండీ."

"చేతులు కాలాక ఆ మాటలెందుకు? మొన్న పిచ్చిగీతలు వస్తే వెనక్కి తెచ్చావుగా, ఇవీ అలాగే తెచ్చెయ్."

"అవి వేరు. పిచ్చిగీతలైతే అసలు అక్షరం లోపల బతికే ఉంటుంది, వెనక్కి తిప్పుకోవచ్చు. ఇవి ప్రశ్నార్థకాలు. మన అక్షరం దాని పట్టికలో లేకపోతే అది చెరిపేసి ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. ఇక లోపల ఏమీ ఉండదు."

"పాఠాలు తర్వాత చెబుదువుగాని. పేర్లు తెలీకపోతే అజ్ఞాత గాయని అని కొట్టెయ్. ఎవడు చూడొచ్చాడు?" అని పెట్టేశాడు.

బల్లకి అవతల అత్తగారు బఠాణీలు వలుస్తున్నారు. ఆవిడా తక్కువ తినలేదు. "ఆ పెట్టె ముందు కూచుంటే అన్నం దానంతటదే ఉడుకుతుందా" అని కోడలిని ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. ఆ రోజు మాత్రం, పేర్లు పోల్చుకుందామని కోడలు మొదటి పాట పెట్టగానే తలెత్తారు.

"ఇది తపాలా గుమస్తా భార్య కదూ! పై స్థాయికి వెళితే ముక్కుతో పాడేది" అంటూ పేరు చెప్పారు. రెండో పాటకి ఇంకో పేరు. "ఇదా, మా డ్రిల్లు టీచరు. పిల్లల్ని ఉరిమి ఉరిమి గొంతు అలా అయింది, పాపం." కోడలు తెల్లబోయింది.

"ఇంతమంది మీకెలా తెలుసు అత్తయ్యా?"

"పెళ్ళికి ముందు రేడియోకి వెళ్ళేదాన్నిలే. బృందంలో, వెనక వరసలో." ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పారు ఆ మాట. పన్నెండేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నారు ఇద్దరూ. కోడలు ఎప్పుడూ అడగలేదు, అత్తగారు ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరు గొంతులు గుర్తుపట్టడం, ఒకరు పేర్లు కొట్టడం. బఠాణీల గిన్నె పక్కకి వెళ్ళిపోయింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

అలా వస్తూ వస్తూ ఒక ఫైలు దగ్గర కోడలి చెయ్యి ఆగింది. పాట పేరు చోట ప్రశ్నార్థకాలున్నాయి. పాడినవారి గడి మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉంది. ఒక్క ప్రశ్నార్థకం కూడా లేదు. ముందు ఏదో పొరపాటనుకుంది. తర్వాత అర్థమైంది. చెడిపోవడానికి ఆ గడిలో అసలెప్పుడూ ఏమీ లేదు.

పాట పెట్టింది. వాన గురించిన చిన్న పాట. లేత గొంతు, చరణం చివర కొద్దిగా వణికి నిలదొక్కుకుంటోంది.

"ఇదెవరు అత్తయ్యా?"

"ఏమో. తెలీదు." ఆవిడ చూపు కిటికీ వైపు వెళ్ళింది. "అజ్ఞాత అని రాసెయ్."

ఉతికిన బట్టలు మడతపెడుతూ అత్తగారు రోజూ తీసే కూనిరాగం కోడలి చెవుల్లో మెదిలింది. చివర అదే వణుకు. "మీరే కదూ" అంది మెల్లగా.

ఆవిడ ఒక బఠాణీ తొక్కని వేళ్ళ మధ్య నలిపారు. "పెళ్ళైన కొత్తలో. ఒక్కదాన్నే పాడింది అదొక్కటే. పాడుకో, పేరు మాత్రం చదవనివ్వకు అన్నారు మీ మామయ్య. నలుగురి నోళ్ళలో మన ఇంటి ఆడదాని పేరేంటి అని. రేడియోలో 'ఇప్పుడొక పాట' అని ఊరుకున్నారు. నేను గది తలుపేసుకుని విన్నాను. పేరు లేకుండా పాడితే ఎవరు పాడినట్టమ్మా? ఇక వెళ్ళలేదు."

ఎంత కాలం ఆ మాట ఆవిడ కడుపులో ఉండిపోయిందో. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఈవిడ విసుర్లన్నీ తన మీద కోపం అనుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. మళ్ళీ స్పీకరే.

"అయిందా?"

"అవుతోంది. వాన పాట ఉంది చూశారూ, అది ఎవరిదో తెలిసింది. మీ..."

"అమ్మది. తెలుసు" అన్నాడు భర్త. "టేపుల్లోంచి ఎక్కించింది నేనేగా. నాన్న పోయేముందు చెప్పారు, పేరు పెట్టొద్దని. అందుకే వదిలేశాను. నువ్వూ కదపకు. పాట ఎలాగూ వింటున్నారుగా, పేరుకేముంది?"

ఫోన్ ఆగిపోయింది. అత్తగారు బఠాణీ తొక్కల్ని ఒక్కచోటికి పోగుచేశారు.

"వాడికీ తెలుసన్నమాట" అన్నారు. "ఆయన పోయారు కదా, ఇక ఈ లోకంలో ఎవరికీ తెలీదు అనుకునేదాన్ని. తెలీకపోవడమే నయం. తెలిసే ఊరుకున్నాడు, చూడు." కొంగు కళ్ళకి అద్దుకోలేదు. కన్నీళ్ళు బఠాణీ తొక్కల మీద పడుతుంటే పడనిచ్చారు. కోడలు లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"రాయమ్మా" అన్నారు.

"ఇంటిపేరు ఏది రాయను? పుట్టింటిదా?"

"రెండూ వద్దు. నా పేరు ఒక్కటే."

సాయంత్రం ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని కోడలి ఫోన్ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. వాన పాట మొదలైంది. చీటీలో ఉన్నది ఉన్నట్టు అనౌన్సరమ్మాయి ఆ పేరు చదివింది. తెర మీద అదే పేరు, ఒక్క గీత తప్పకుండా. పాట అయింది. ఇంకో పాట వచ్చింది, పేరు వెళ్ళిపోయింది.

"అంతేనా?" అన్నారు చిన్నపిల్లలా.

"పాట ఉన్నంతసేపే అత్తయ్యా."

"మళ్ళీ వేస్తాడా?"

కోడలు అబద్ధం చెప్పలేకపోయింది. అత్తగారి చేతిలో ఫోన్ మోగడం మొదలైంది. తెర మీద భర్త పేరు స్పష్టంగా వెలుగుతోంది. ఇద్దరూ చూశారు, ఎవరూ ఎత్తలేదు.

"మరి ఇదంతా బాగుచేసినదానివి, నీ పేరు ఎక్కడొస్తుంది?" అని అడిగారు అత్తగారు.

ఆమె లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది. ప్రతి చీటీలోనూ అడుగున ఉండే గడి, తయారుచేసినవారు. ఇన్నేళ్ళుగా తానే ఖాళీగా వదిలేస్తూ వచ్చింది. ఎవరూ వద్దనలేదు కూడా. ఫోన్ మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది. రేపు ఆయన చెరిపేస్తే చెరిపేయనీ, ఇంకేదో నొక్కి ప్రశ్నార్థకాలు చేస్తే చేయనీ. పోవడానికైనా ముందొక పేరంటూ ఉండాలి కదా అనుకుంటూ, మొదటి అక్షరం కొట్టింది.