ఖాన్ నిద్రపోయిన రుమాలు

అల్మాటీలో ఆ మధ్యాహ్నం మంచు చప్పుడు లేకుండా కురుస్తోంది. నా భార్య జౌరేష్ పనిచేసిన ప్రయోగశాలకు, ఆమె తలకు కట్టుకునే రుమాలు సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఆమె పోయిన నలభయ్యో రోజున బట్టలన్నీ ఆనవాయితీ ప్రకారం పంచిపెట్టాం. ఇదొక్కటి ఉతకకుండా దాచుకున్నాను. ఆమె వాసన ఇంకా మిగిలింది దీనిలోనే.

ఆమె శిష్యురాలు షోల్పాన్ ముందురోజు ఫోన్ చేసి అది తెమ్మంది. ఎలుక నెత్తిన చిటికెనవేలి కొసంత సూక్ష్మదర్శిని బిగిస్తే, అది తిరుగుతుండగానే దాని మెదడులో కణాలు వెలగడం తెరమీద కనిపిస్తుంది. జౌరేష్ సిద్ధం చేసిన ఎలుకల్లో మిగిలింది ఒక్కటే, ఆమె ఖాన్ అని పేరు పెట్టుకున్నది. అది నడిస్తేనే ఆమె పని పూర్తవుతుంది. ఆమె పోయాక అది అడుగు వేయడం లేదు.

"రండి అగాయ్," అంది షోల్పాన్ ప్రయోగశాల తలుపు తీసి. నేను బడిపంతుల్ని, అందరూ అలాగే పిలుస్తారు.

"ఖాన్‌గారి అలక ఇంకా తీరలేదా?"

"ఎక్కడ! నెత్తిన ఆ సూక్ష్మదర్శిని కిరీటం పెట్టగానే బిగుసుకుపోతున్నాడు. నా చేతులంటే గిట్టదు దొరగారికి. మచ్చిక చేయడానికి అక్క రోజూ వీణ్ని తన రుమాల్లో చుట్టుకునేది. నాకేమో శుభ్రత గురించి పాఠాలు!"

నవ్వబోయి ఆగింది. "ఒకసారి వీడి పెట్టెలో వేస్తే ఈ రుమాలుకిక ఎలుక వాసనే, అగాయ్. ఆలోచించుకోండి."

రుమాలు ముఖానికి ఆనించుకున్నాను. సబ్బు, పాలు పోసిన టీ, ఆమె జుట్టు. ఇచ్చేశాను.

ఖాన్ మడతల్లోకి దూరింది. అక్కడే షోల్పాన్ దాని నెత్తిన పరికరం బిగించింది. చాలాసేపటికి ఎలుక మూతి బయట పెట్టింది. తర్వాత నడిచింది. తెరమీది చీకట్లో వెలుగులు పుట్టాయి. గోడ మలుపు దగ్గర ఒకటి, గింజల మూలలో ఒకటి, రుమాలు దగ్గరికి తిరిగొచ్చాక మరొకటి. అక్కడే ముడుచుకుని పడుకుంది.

"అయిపోయిందా?"

"ఉండండి."

బయట మంచు కురుస్తూనే ఉంది. తెర మళ్లీ మెరిసింది. మలుపు, గింజలు, అదే వరుస.

"నడిచిన దారినే నిద్రలో మళ్లీ నడుస్తున్నాడు," అంది షోల్పాన్ గొంతు తగ్గించి. "అక్క చూడాలనుకున్నది ఇదే."

చివర రుమాలు వెలుగు వచ్చింది. అది ఆరేదాకా చూశాను.

"రుమాలు తీసిచ్చేదా, అగాయ్?"

"వద్దు. వాణ్ని లేపకు."