నాన్న కాచిన ఆఖరి సీసా

నాన్న పోయాక ఆయన కాచిన దగ్గు మందు ఒక్క సీసాయే మిగిలింది. మందుల పరీక్షశాలలో పనిచేసే అక్క దాన్ని సంచిలో పెట్టబోతే తమ్ముడు అడ్డొచ్చాడు.

"నాన్న మందుకీ పరీక్షేనా? ఆయనుంటే నీ చెవి మెలేసేవాడు!"

"మెలేస్తే బావుణ్ణురా. అదే మందు నువ్వు కాచి పసిపిల్లలకి పోస్తున్నావు. నీదీ ఆయనదీ రెండూ పరీక్షించాల్సిందే."

"సీసా తిరిగిస్తారా?"

"ఇవ్వరు. మొత్తం వాడేస్తారు."

అక్క మూత తీసింది. మిరియాల ఘాటుతో పాటు నాన్న చొక్కా వాసన గుప్పుమంది. ఆ వాసన కోసమే ఆమె రెండేళ్లుగా సీసాని దాచుకుంది. ఇద్దరూ వంతులేసుకుని వాసన చూశారు. చివరికి ఆమె మూత బిగించి, నమూనా చీటీలో 'తయారుచేసినవారు' అన్నచోట నాన్న పేరు గుండ్రంగా రాసింది.