కుడి జబ్బ గాజు

నేను ఒక ఎముక గాజును. దంతపు గాజునని చెప్పి నన్ను అమ్మారు గానీ, మీ దగ్గర దాపరికం దేనికి? నాది ఎద్దు ఎముక. కబేళాలో కత్తి కింద పుట్టాను. కాగే నీళ్ళలో ఉడకబెట్టి, రంపంతో కోసి, ఆకురాయితో గీకి నన్ను గుండ్రంగా చేశారు. ఇంత చిత్రహింస పెట్టి, సంతలో నన్ను చూసి "ఎంత ముద్దుగున్నదో!" అని మురిసిపోయారు. మనుషుల తీరే అంత.

నన్ను కొన్నది ధ్వాలి. నల్లమల అంచున ఉన్న లంబాడీ తండాలో ఆమె నోటికి జడిసి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. కొడుకు హర్యా పెళ్ళినాడు కోడలు కేస్లీకి రెండు చేతులా, మోచేతి నుంచి భుజం దాకా మమ్మల్ని ఎక్కించింది. ఆ తండాలో మొగుడు బతికున్నంత కాలం ఆడది మమ్మల్ని తీయకూడదు. వాడు చచ్చిన రోజున రాయితో పగలగొడతారు. అంటే మగవాడి ఆయుష్షుకు మేం కాపలా అన్నమాట. తన ఎద్దునే కాపాడుకోలేని ఎముక హర్యాను కాపాడుతుందట! అయినా కొత్తలో నాకూ కాస్త పొగరుండేది.

కేస్లీ కడుపుతో ఉన్నప్పుడు తండాకు ఒక నర్సు వచ్చేది. బీపీ చూడాలంటే జబ్బకు పట్టా చుట్టాలి. జబ్బ నిండా మేమే. గాజులు తీయమంటే ధ్వాలి "నా కొడుకును సంపుతవా?" అని ఆమె మీదికి పోయింది. ఎందుకొచ్చిన గొడవ అనుకుందేమో ఆ నర్సు, మా మీదనే పట్టా చుట్టి, రబ్బరు బుడ్డి నాలుగుసార్లు పిసికి, "బీపీ మంచిగున్నది" అని లేచిపోయింది. ఆ బీపీ నాది తల్లీ! చచ్చిన ఎద్దుకు బీపీ ఎందుకు పెరుగుతుంది?

కేస్లీ మొహం ఉబ్బింది. బిడ్డ పుష్టిగా ఉన్నాడని సంబరపడ్డారు. తల పగిలిపోతోందని గోడకేసి బాదుకుంటే, పని ఎగ్గొట్టే ఎత్తు అన్నారు. ఒక పొద్దున రొట్టెలు చేస్తూ చేస్తూ పొయ్యి మీదికి విరుచుకు పడింది. కళ్ళు తేలేసింది. పళ్ళ మధ్య నాలుక తెగి నురగతో పాటు నెత్తురు కారింది. చేతులు నేలకేసి కొట్టుకుంటుంటే మేమంతా ఒకదానికొకటి తగిలి టకటకా మోగాం. దయ్యం పట్టిందని మంత్రగాణ్ణి పిలిచారు. వాడు మిరపకాయల పొగ వేసి, వేప బరికెతో ఆమె వీపు చీరేశాడు. దయ్యం పోలేదు గానీ కేస్లీ పోయింది, కడుపులో బిడ్డతో సహా. "ముత్తైదువగా పోయింది, పుణ్యాత్మురాలు" అని తండా అంతా మెచ్చుకుంది. ఛీ, ఏం మాటలవి! ఆ పుణ్యాత్మురాలి గాజులు అచ్చివస్తాయని మమ్మల్ని శవం చేతుల నుంచి ఒలిచి దాచారు.

ఏడాది తిరిగీ తిరగకముందే హర్యాకు మళ్ళీ పెళ్ళి చేశారు. ఈసారి పిల్ల పేరు రూప్లీ. నన్ను ఆమె కుడి జబ్బకు ఎక్కించారు. ఆమెకూ కడుపు పండింది, ఆమెకూ మొహం ఉబ్బింది. జబ్బ వాచి నేను కండలోకి దిగిపోయాను. చెయ్యి కదిపితే చర్మం లేచి వచ్చేది. "అత్తా, కండ్ల ముంగట చీకట్లొస్తున్నయే" అందొక రోజు రూప్లీ. ఎవరేమన్నా తిట్టందే జవాబివ్వని ధ్వాలి ఆ రోజు కోడలి గడ్డం పట్టుకుని ఆ ఉబ్బిన మొహంలోకి చూసింది. ఆ మాట ఆమె ఇంతకుముందు కేస్లీ నోట ఒకసారి విని ఉంది.

అప్పటికి పాత నర్సు వెళ్ళిపోయి సలోమి అనే కొత్త నర్సు వచ్చింది. ఈమె మా మీద పట్టా చుట్టనని మొండికేసింది. "గాజుల మీద కడితే ఏం తెల్వదవ్వా. పిల్ల మొహం సూడు ఎట్లుందో. గాజులు దియ్యందే నేను ఈడికెల్లి లేవ" అంది. తీద్దామంటే వాచిన చేతిలోంచి మేం వస్తేనా? పగలగొట్టడం ఒక్కటే దారి. ఆ మాట చెవిన పడగానే హర్యా కర్ర తీసుకుని ఊగిపోతూ వచ్చాడు.

"నేను బతికుండంగనే నా పెండ్లాం గాజులు పగలగొడ్తరా? నన్ను పాడె మీద పండవెడ్తరా?" అని అరుస్తూ సలోమిని ఒక్క తోపు తోశాడు. ఆమె గోడకు గుద్దుకుని, బీపీ మిషన్ను పొట్టకు కరుచుకుని కూలబడింది.

ధ్వాలి లోపలికి పోయి పసుపు నూరే గుండ్రాయి తెచ్చింది. రూప్లీ ఎడమ చేతిని గడప మీద పెట్టి, తన మోకాలితో అదిమిపట్టి, రాయి ఎత్తింది. హర్యా తల్లి జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చాడు.

"యాడీ! నువ్వు కన్నతల్లివా, రాక్షసివా?"

ఆమె వెనక్కి తిరిగి అదే రాయితో వాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు బావురుమని కింద పడ్డాడు.

"కేస్లీ గాజులకు గీత గూడ వడలే! మరి కేస్లీ ఏదిరా? ఏదీ, తెచ్చి సూపియ్యి!"

ధ్వాలి ఏడుస్తూ, తిడుతూ, కొడుకును కాపాడమని తన దేవతను వేడుకుంటూ దెబ్బ మీద దెబ్బ వేసింది. నా తోబుట్టువులు పెంకులు పెంకులుగా ఎగిరిపడ్డాయి. కొన్ని రూప్లీ కండలో దిగాయి. ఆ పిల్ల కేకకు తండా అంతా పరిగెత్తుకొచ్చింది. నేను కుడి చేతికి ఉన్నాను కాబట్టి బతికిపోయాను. నెత్తురోడే ఆ ఎడమ జబ్బకే సలోమి పట్టా చుట్టింది. పాదరసం పైకి ఎగబాకింది, ఎగబాకుతూనే ఉంది. సలోమి మొహం పాలిపోయింది.

"నూట ఎనభై దాటింది. ట్రాక్టరు దియ్యిండ్రి!"

కుంటుకుంటూనే హర్యా స్టీరింగు పట్టుకున్నాడు. ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర రూప్లీని దింపుతుండగా ఆమె ఒళ్ళు కొయ్యలా బిగిసింది. పళ్ళు గిట్టకరిచాయి. నేను పక్క గాజుకు తగిలి టకటకా మోగడం మొదలుపెట్టాను. ఆ మోత నాకు తెలుసు. అయిపోయింది, ఈ పిల్లా పోయింది అనుకున్నాను. నాలాంటి ఎముకకు కూడా దుఃఖం వస్తుందని అప్పుడే తెలిసింది. కానీ ఈసారి ఎవరూ పొగ వేయలేదు, బరికె ఎత్తలేదు. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, రెండు పిరుదుల్లోనూ పొడుగాటి సూదులు దింపారు. మెల్లగా నా మోత ఆగింది. ఆమె ఊపిరి ఆగలేదు.

అక్కడి నుంచి జీపులో జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయారు. సెలైన్ పెట్టడానికి కుడి చేయి కావలసి వచ్చి నన్ను రంపంతో కోశారు. కొయ్యండి నాయనా, నాకు రంపాలేం కొత్తా? కడుపు కోసి పిడికెడంత ఆడపిల్లను తీశారు. అది పిల్లి కూనలా కేరుమంది. రూప్లీ కూడా బతికి బట్టకట్టింది. ఇక హర్యా చచ్చిపోయాడా అంటారా? వరండాలో కూర్చుని అరటిపళ్ళు తింటూ, మోకాలు నొప్పెడుతోందని కనిపించిన నర్సుకల్లా చెప్పుకున్నాడు.

నన్ను ధ్వాలి కొంగున ముడివేసుకుని తెచ్చి, తండా పెంటకుప్ప మీదికి గిరాటేసింది. కుప్ప పక్కనే అంగన్‌వాడీ. సలోమి వచ్చిన రోజున కడుపుతో ఉన్న ఆడవాళ్ళు అక్కడ వరుసగా కూర్చుంటారు. అందరికీ కుడి జబ్బ నిండా గాజులు, ఎడమ జబ్బ బోడి. సలోమి పట్టా కోసం ధ్వాలి పెట్టిన కట్టుబాటు అది. మొన్న ఒక ముసలాయన ఆ బోడి చేతులు చూసి గొణిగాడు.

"ఇట్లయితే మొగోళ్ళ ఆయుష్షు ఏం గావాలె?"

ధ్వాలి నడుం మీద చెయ్యి వేసుకుని ఆయన వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు మీ పానం మా జబ్బల మీద మోసినం. పోయింది మేము. ఇగ మీ పానం మీరే మొయ్యిండ్రి. ఓ పిల్లా, సూస్తవేందే? చెయ్యి సాపు."

ఆ పిల్ల ఎడమ చెయ్యి చాపింది.