పన్నెండు గంటల మెసేజ్

జగదీశ్వర్ బట్టల దుకాణం బోర్డు రెండుసార్లు మారింది గానీ ఫోన్ నంబరు ఎన్నడూ మారలేదు. గోదావరిఖని క్వార్టర్లలో బీరువా తలుపు లోపలివైపు ఆ నంబరు రాసిపెట్టుకున్న ఇళ్లున్నాయి. కొట్టులో సరుకంతా ఒక ఎత్తు, ఆ నంబరు ఒక్కటీ ఒక ఎత్తు అని అతని లెక్క.

అలాంటి నంబరు తీసేస్తామని క్రిస్మస్ గిరాకీ మొదలయ్యే వేళకు ఫోన్ కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. సొంత నంబరు నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపుతున్నాడని ఫిర్యాదులట. దుకాణం పేరు రిజిస్టరు చేయించుకుని ఆ పేరు మీదే పంపాలట, అదీ ఒప్పుకున్నవాళ్లకే. ఇంకో ఫిర్యాదు వస్తే లైను ఉండదు.

"జాకెట్టు కుట్టుడు అయినంక చెప్తమని నంబర్లు తీసుకున్నం సేటూ," అంది కొట్టులో పనిచేసే తిరుమల. "ఆఫర్లు పంపుతమని అడగలే గద."

"అడిగితే వద్దంటరనే గద అడగంది!"

"గందుకే కంప్లెయింట్ల నంబరు 1909కి కొట్టి చెప్తున్నరు."

ఆ మెసేజ్‌ల వెనక జగదీశ్వర్ తెలివి చాలానే ఉంది. బొగ్గుబాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. పొద్దటి షిఫ్టుకు దిగిన మగవాళ్ల ఫోన్లు ఇంట్లో ఆడవాళ్ల దగ్గరుంటాయి. చీర కొనే మనిషి చేతిలో ఫోను, వద్దనే మనిషి భూమి లోపల. వ్యాపారికి ఇంతకన్నా మంచి వేళ దొరకదు. అందుకే రోజూ పగలు పన్నెండింటికి వాటంతటవే పోయేలా పెట్టాడు. మొదటి మాట 'అర్జెంట్'. అది చూస్తే తెరవని మనిషి ఉండదు.

ఫిర్యాదు చేసిందెవరో అతనికి తెలియదు. ఇంకొకటి రాకుండా చూసుకోవాలంటే యేసమ్మే దిక్కనుకున్నాడు. ఆమె పెళ్లిచీర అతని తండ్రి అమ్మిందే. క్రిస్మస్‌కు తెల్లచీరలు కొనడానికి చర్చి ఆడవాళ్లను వెంటేసుకొచ్చేదీ ఆమే. ఆమె ఒక్క మాట చెబితే అందరూ వింటారు.

ఆమె క్వార్టరుకు వెళ్లేసరికి యేసమ్మ చాయ్ పెడుతోంది. భర్త జ్ఞానయ్య డ్యూటీలో ఉన్నాడు.

"రా తమ్మీ, కూసో. గిరాకి ఇడిసిపెట్టి వచ్చినవంటే ఏదో పని మీదనే వచ్చినవ్."

"ఎవలో నా కడుపు మీద కొట్టిన్రు అక్కా. కంప్లెయింట్ ఇచ్చిన్రు."

"ఎవలో గాదు, నేనే."

జగదీశ్వర్ కూర్చోబోయినవాడు లేచి నిలబడ్డాడు. "నువ్వా? మొన్న చీరకు అడగకముందే తగ్గించిన గదక్కా!"

"అడగకముందా? కాళ్లు గుంజేదాంక నిలబడి తగ్గించుకున్న!"

అప్పుడే బీరువా మీదున్న జ్ఞానయ్య ఫోన్ టింగుమంది. యేసమ్మ చేతిలో చక్కెర డబ్బా కిందపడింది. ఆమె ఒక్క ఉరుకున వెళ్లి ఫోన్ అందుకుంది. పెదవులు "ప్రభువా, ప్రభువా" అంటున్నాయి, వేలు తెర మీద నిలవడం లేదు. చదివాక కుర్చీలో కూలబడి, ఫోన్ అతని వైపు తిప్పింది.

'అర్జెంట్! జల్ది రండి! తెల్లచీరల కొత్త స్టాక్!'

పన్నెండయింది; వాటంతటవే పోయే మెసేజ్‌లు ఇవాళ ఆపడం మరిచిపోయాడు.

"బాయిల ఏమన్న అయితే గిట్లనే జల్ది రమ్మంటరు తమ్మీ," అంది యేసమ్మ. "ఆయన పైకొచ్చేదాంక ఈ ఫోన్ మోగితె నా పానం నా తాన ఉండది. నువ్వేమో రోజూ నా పానం తీసి, చీరలు కొనుమంటవ్."

ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో లెక్క కట్టాడు గానీ, ఆ చేయి ఎందుకు వణుకుతుందో జగదీశ్వర్ లెక్కలోకి రానేలేదు. అక్కడికక్కడే తన ఫోన్ తీసి రేపటినుంచి పోవాల్సినవన్నీ ఆపేశాడు. కిందికి వంగి చక్కెర ఎత్తబోయాడు.

"నంబరు పోతె పోనీ అక్కా."

"పోతె జాకెట్టు సంగతి నేనెవల్ని అడగాలె? ఇగ కంప్లెయింట్ చెయ్యను, మావోళ్లకు గూడ చెప్త. గనీ ఒప్పుకున్నోళ్లకే పంపు. షిఫ్టు దిగినంక పంపు. ముందుగాల నీ పేరుండాలె. అర్జెంట్ అని రాస్తివా, మల్ల కొడ్త 1909కి!"

చీర బేరంలాగే ఇందులోనూ ఆమె ఒక్క మెట్టు దిగలేదు.

ఆదివారం చర్చి బయట నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు. సగంమంది వద్దన్నారు. సరేనన్నవాళ్లే కొట్టుకు వచ్చేవాళ్లని మనసుకు చెప్పుకున్నాడు. పేరు రిజిస్టరయింది. పండుగ వారం ఉందనగా, ఒక సాయంత్రం దుకాణం పేరుతో మొదటి మెసేజ్ వెళ్లింది. వద్దనుకుంటే ఎలా ఆపాలో చివర్లో ఇంగ్లీషులో రాసి ఉంది.

వెంటనే పాత నంబరు మోగింది.

"వచ్చింది తమ్మీ. పేరు చూడంగనే నువ్వని ఎరుకైంది, భయం గాలే. మీ బావ గూడ పక్కనే ఉండి సదివిండు."

"ఏమన్నడక్కా?"

"ఆపుమని ఎట్ల పంపాల్నో అడుగుతున్నడు. నువ్వు చెప్పకు!"

జగదీశ్వర్ నవ్వాపుకోలేకపోయాడు.

"చెప్పకుంటె బావ 1909కి కొడ్తడు, మల్ల నా నంబరుకే ఎసరొస్తదక్కా. ఫోన్ బావకియ్యి."