డాబుసరు

పదో తరగతి పరీక్షలయ్యాక సెలవులకు పిన్ని దగ్గరికి వెళ్లాను. పిన్ని నీళ్లు సరఫరా చేసే పెద్ద కంపెనీలో, కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తుంది. ఏ మోటారు ఎలా విప్పాలి, ఏ వాల్వు ఎక్కడుంది, అన్నీ వాళ్ల కంప్యూటర్లలో ఉన్నాయి. కానీ వెతికితే దొరకవు. కాగితాల్లో "రబ్బరు చూషణ గొట్టం" అని ఉంటుంది. దానికే ఫిట్టర్లు "ఏనుగు తొండం" అని కొడతారు. "ఫలితాలు లేవు" అని వస్తుంది.

ఆ సెర్చిని బాగుచేసే పని పిన్నికి అప్పగించారు.

"వాళ్లు వాడే మాటలు కావాలే నాకు. నేను వెళ్తే నోరు అదుపులో పెట్టుకుంటారు. నువ్వు ఉన్నా లేనట్టే ఉంటావుగా, నాలుగో షెడ్డులో కూర్చుని విను" అంది.

మెచ్చుకుందనే అనుకున్నాను.

షెడ్డులో పెద్ద ఫిట్టరు నన్ను చూడగానే, "ఏమ్మా, బెల్లం కొట్టిన రాయిలా ఆ నిలబడ్డమేంటి?" అన్నాడు. అప్పట్నుంచి అక్కడ నా పేరు బెల్లంరాయి. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. నేనెందుకొచ్చానో తెలిసి ఆయనే పిలిచి మరీ చెప్పేవాడు.

"రాసుకో బెల్లంరాయీ. ఈ పట్టుకారు కప్పనోరు. ఈ వాల్వు అత్తగారు. ఎంత బిగించినా నోరు మూయదు."

"మీ అత్తగారు వింటే?" అన్నాడు వెల్డరు.

"వింటే నన్ను బిగిస్తుంది."

మూల ఒక పెద్ద మోటారు ఉండేది. దాని పేరడిగితే బాబాయ్ నవ్వుతూనే అటూ ఇటూ చూశాడు.

"డాబుసరు. షెడ్డంతా అదిరేలా మోత, ఎక్కించేది మాత్రం చుక్క నీళ్లు. మన మేనేజరుగారే అనుకో. ఇది రాయకమ్మా. ఇంకొక్కసారి నోరు జారితే ఊరవతలి పంపుహౌసుకి పంపిస్తానన్నాడు. ఇంటి దగ్గర మంచం దిగలేని అమ్మ ఉంది నాకు."

రాయలేదు. కానీ ఆ సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పిన్నితో చెప్పేశాను. నా మాటకు ఒకరు అంతలా నవ్వడం అదే మొదటిసారి.

"ఇది మాత్రం ఎక్కించకు పిన్నీ. బాబాయ్‌కి మాటొస్తుంది."

"ఛ, నీ మీద ఒట్టు" అని తడిచేయి నా నెత్తిన పెట్టింది.

కొత్త సెర్చి చూపించే రోజున అందరినీ హాల్లోకి పిలిచారు. ఫిట్టర్లు గోడవారగా నిలబడ్డారు. మేనేజరు "ఏనుగు తొండం" అని కొట్టగానే గొట్టం బొమ్మ తెరమీదికి వచ్చింది. చప్పట్లు. ఆయన హుషారుగా "డాక్యుమెంట్లు" అని కొట్టబోయి "డా" దగ్గర ఆగాడు. ఎక్కువమంది వెతికే మాటను సెర్చి తనే అందిస్తుందట. కింద "డాబుసరు" అని వచ్చింది. నొక్కాడు. మోటారు బొమ్మ వచ్చింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గోడ పొడుగునా పాకింది. డాబెవరో, సరెవరో ఆయనకు అర్థమైపోయింది.

"ఎవరు పెట్టారీ పేరు?"

పిన్ని నా వైపు చూసింది. నన్ను కాపాడటానికే చూసిందనుకున్నాను.

"నాకేం తెలుసు సర్? మా అమ్మాయి నాలుగో షెడ్డులో రాసుకొచ్చింది."

నాలుగో షెడ్డుకి పెద్ద అంటే బాబాయే. ఆయన మేనేజరును చూడలేదు, నన్ను చూశాడు. "రాయలేదు బాబాయ్" అనాల్సింది.

ఇంటికెళ్లాక, "ఎందుకు పిన్నీ?" అన్నాను.

"అందరూ వెతికేది ఆ మాటే. అది లేకపోతే నా సెర్చి పనిచేయదనేవాళ్లు. ఆయన అదే నొక్కుతాడని కలగన్నానా?"

నా నెత్తిన చేయి పెట్టిన సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బాబాయ్‌ని ఊరవతలికి పంపించేశారు. ఒకసారి షెడ్డుకి వెళ్లాను, వెల్డరుతో అయినా చెప్పుకుందామని. గుమ్మంలో కాలు పెట్టగానే, "సెర్చి వచ్చింది" అన్నారెవరో. మాటలు ఆగిపోయాయి. సుత్తి చప్పుడొక్కటే మిగిలింది.

తర్వాత పిన్ని తల పట్టుకుంది. షెడ్డులో అన్నిటికీ పేర్లు మార్చేశారట. ఏది కొట్టినా మళ్లీ "ఫలితాలు లేవు".

"నువ్వు అటు వెళ్లొచ్చావుగా. కొత్త మాటలేమైనా చెవినపడ్డాయా?" అంది, అన్నం పెడుతూ.

ఒకటి పడింది. అది నన్నన్న మాట. పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏంటే, పలకవేం? బెల్లంరాయీ!"

ఆ పేరు బాబాయ్ పెట్టింది. అదీ నేనే పిన్నికి చెప్పాను.